ఎరిన్ గురించి మాట్లాడుకుందాం: మూగ ఈల పక్కన పెట్టేసిన పిల్ల

తూనీగ
శనివారం, రాత్రి 10:12

మా పాపా నేనూ రెండు నెలలుగా చూస్తున్న జపాన్ బొమ్మల సీరియల్ 'కెమోనో నో సోజా ఎరిన్' నిన్న రాత్రితో అయిపోయింది. మొత్తం 50 ఎపిసోడ్లు. పాప పడుకున్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మీలో ఎవరైనా చూసి ఉంటే మాట్లాడుకుందామని రాస్తున్నాను. చూడనివాళ్ల కోసం కథ కొంచెం చెబుతాను, ముగింపు మాత్రం చెప్పను.

ఇది 2009లో జనవరి నుంచి డిసెంబర్ దాకా జపాన్‌లో ఎన్‌హెచ్‌కే వాళ్ల విద్యా ఛానెల్లో వారం వారం వచ్చింది. తీసింది ప్రొడక్షన్ ఐజీ, ట్రాన్స్ ఆర్ట్స్ అనే స్టూడియోలు. దర్శకుడు తకయుకి హమానా. మూలం నహోకో ఉఎహాషి నవలలు, అందులో మొదటి రెండింటి కథ ఇది.

రియోజా అని ఒక రాజ్యం. రాజ్యానికి తలలు రెండు. రాణిని యోజే అంటారు, ఆమె దైవాంశ, ఆమె చేతికి రక్తం అంటకూడదు. ఆమె తరఫున రక్తం అంటించుకునేవాడు అల్హాన్ అనే మహాసామంతుడు. అతని బలమంతా టోడాల్లో ఉంది. అవి నీళ్లలో పెరిగే పొడవాటి కొమ్ముల సర్పాలు, సైనికులు వాటి మీదెక్కి యుద్ధానికి పోతారు. రాణి వైపు ఉన్నవి ఓజూలు, రెక్కలున్న మహామృగాలు. అవి టోడాలని తినేస్తాయి.

ఎరిన్ తల్లి సోయోన్ టోడాలకి వైద్యం చేసే మనిషి. 'కిబా' అనే మేలుజాతి టోడాలన్నీ ఒక్క రాత్రిలో చచ్చిపోతే తప్పు ఆమె మీద పడుతుంది, మరణశిక్ష వేస్తారు. అప్పటికి ఎరిన్‌కి పదేళ్లు. మా పాపకీ పదే. ఏడో ఎపిసోడ్ అయ్యాక అది ఏమీ మాట్లాడకుండా వచ్చి నా చీర కొంగు పట్టుకుని కూర్చుంది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఈల గురించి. టోడాలనైనా ఓజూలనైనా అదుపులో పెట్టడానికి మనుషుల దగ్గర ఒక ఈల ఉంటుంది. మన చెవికి వినిపించదు. ఊదితే అంత పెద్ద జంతువూ కట్టెలా బిగుసుకుపోతుంది. ఓజూల్ని చూసుకునేవాళ్లందరూ అది మెడలో వేసుకోవాలని చట్టం. ఎరిన్ లిలాన్ అనే ఓజూ పిల్లని పెంచేటప్పుడు ఆ ఈల పక్కన పెట్టేస్తుంది. చివరిదాకా ఊదదు. దయ గల కథానాయికలని చాలామందిని చూశాం, ఏడుస్తారు, క్షమిస్తారు. ఈ పిల్ల దయ అలాంటిది కాదు. తన ప్రాణానికి ఉన్న ఒకే ఒక్క కాపుదలని తీసి పక్కన పెట్టేసి, ఆ జంతువు పక్కన కూర్చుని, దానికి ఏం కావాలో కనుక్కుంటుంది. ఇంకే కథలోనూ నేనిలాంటిది చూడలేదు.


రైలుపెట్టె
శనివారం, రాత్రి 10:31

అక్కా, ఈ పేరే ఎప్పుడూ వినలేదు. ఫైట్లు ఉంటాయా? రోజూ ట్రైన్‌లో గంటన్నర ప్రయాణం నాది, చూడ్డానికి ఏదో ఒకటి కావాలి.


తూనీగ
శనివారం, రాత్రి 10:40

ఉంటాయి తమ్ముడూ, తక్కువ. వచ్చినప్పుడు మాత్రం చూడ్డానికి భయమేస్తుంది. మొదటి పది ఎపిసోడ్లు ఓపిక పట్టు.


మానేరు_ఒడ్డు
శనివారం, రాత్రి 11:55

అక్కా, నువ్వు గీ ముచ్చట తీసినందుకు మస్తు సంతోషమైంది. నేను గోపాలమిత్రగ పనిచేస్త, మా మండలంల నాలుగు ఊర్లు తిరుగుత. బర్లకు, ఆవులకు సూదులేసుడు, ఈనేటప్పుడు కష్టమైతే పొయ్యి చూసుడు నా పని. మా తమ్ముడు చెప్తే చూసిన ఈ సీరియల్. మొదలుపెట్టేటప్పుడు పిల్లల బొమ్మలే కదా అనుకున్న.

లిలాన్ మేత ముట్టని ఎపిసోడ్లు ఉన్నయి గదా, అవి నేను రెండుసార్లు చూసిన. రాజధానిల దెబ్బ తగిలిచ్చుకొని కజారుము అనే ఓజూల బడికి తెస్తరు దాన్ని. చీకటి కొట్టంల ఉంటది, మాంసం పెడితె ముట్టది. అందరు ఇగ చస్తదనే అంటరు. ఎరిన్ ఏం జేస్తది? కొట్టంలనే పడుకుంటది. రాత్రి, పగలు. చూసుకుంట ఉంటది. వెలుతురు ఏడికెళ్లి పడ్తుంది, అది ఎటు దిక్కు చూస్తుంది, ఏ చప్పుడుకు మెడ లేపుతుంది. చిన్నగున్నప్పుడు గుట్ట మీద అడివిల ఒక తల్లి ఓజూ పిల్లకు మేత పెట్టంగ చూసి ఉంటది, ఆ తల్లి చేసిన చప్పుడు యాదికొస్తది. ఆ చప్పుడు మనిషి గొంతుల పుట్టదని వీణ అసొంటిది చేపిస్తది. దాని తీగె మీటితె అప్పుడు ఆ పిల్ల జవాబిస్తది.

మా పనిల కూడ గంతే అక్కా. దూడ పాలు తాగుతలేదని ఫోన్ జేస్తరు. సగంసార్లు రోగం ఉండది. తల్లి నుంచి ఏరుజేసి కట్టేసిన్రు, దానికి బెంగ. మందు సంచి తెరువక ముందు అరగంట నిలవడి చూస్తె తెలుస్తది. నిలవడి చూసే ఓపిక ఎవలకు లేదు, నాక్కూడ అన్ని దినాలు ఉండది, అబద్ధం చెప్ప. ఎరిన్‌ను చూసినంక కొంచెం ఎక్కువసేపు నిలవడుతున్న.

ఇంకొక ముచ్చట. పాలు చేపుకు రాకుంటె కొంతమంది ఆక్సిటోసిన్ సూది ఇస్తరు బర్లకు. వద్దని చెప్పినా చాటుకు ఇస్తరు. సూది వడంగనె పాలు దిగుతయి. బర్రె ఇష్టంతోని పనిలేదు, దూడతోని పనిలేదు. మూగ ఈల చూసినప్పుడల్లా నాకు ఆ సూదే యాదికొచ్చింది.


తేనెపట్టు
ఆదివారం, ఉదయం 6:20

పొద్దున్నే లేచి చదివాను. గోపాలమిత్ర అన్నగారి మాటకి దండం.

నేను తేనెటీగల పెట్టెలు పెంచుతాను. పొద్దుతిరుగుడు పూతకొచ్చినప్పుడు పెట్టెలు బండికెత్తుకుని ఊళ్లు తిరుగుతాం. అందుకని నాకు ఈ కథలో అందరికంటే దగ్గరివాడు జోఉన్. తల్లి పోయాక ఏటి ఒడ్డున పడి ఉన్న ఎరిన్‌ని ఎత్తుకొచ్చి పెంచేది ఆయనే. ఒకప్పుడు పెద్ద బడికి అధిపతి, ఇప్పుడు ఒంటరిగా తేనెటీగలు పెంచుకుంటున్నాడు.

అక్కడ ఎరిన్ రాణి ఈగ గురించి అడుగుతుంది. చాలామంది ఇది పిల్లలకి సైన్సు పాఠం అనుకుని దాటేస్తారు. దాటేయకండి, కథ తాళంచెవి అక్కడుంది. రాణి ఈగ రాణిగా పుట్టదండీ. గుడ్డు పొదిగి పిల్లపురుగు బయటికొచ్చాక, మొదటి రెండు మూడు రోజులు కూలి ఈగ పిల్లకీ రాణి పిల్లకీ పెట్టేది ఒకటే మేత. ఆ తరవాత కూలి పిల్లలకి మేత మార్చేస్తాయి, రాణి కాబోయే దానికి మాత్రం చివరిదాకా రాజభోజనమే. పదహారో రోజుకి రాణి బయటికొస్తుంది, కూలి ఈగకి ఇరవయ్యొక్క రోజులు పడుతుంది. అంటే రాణిని రాణిని చేసేది కూలి ఈగలు పెట్టే మేత.

ఇప్పుడు రియోజా చూడండి. టోడాలకీ ఓజూలకీ మనుషులు కలిపిపెట్టే మందునీళ్లు ఉంటాయి, తొకుజిసుయి అంటారు. అవి తాగిన టోడా కండపడుతుంది, కానీ పిల్లల్ని పెట్టదు. అవి తాగిన ఓజూ ఎగరదు, జతకట్టదు. మేతతోనే ఆ జంతువు ఏమవ్వాలో మనిషి తేల్చేస్తున్నాడు. ఎరిన్‌కి ఈ ముడి విడిపోవడానికి పునాది ఆ తేనెపెట్టె దగ్గరే పడింది. పదేళ్ల పిల్ల వేసిన ప్రశ్న ముప్పై ఎపిసోడ్ల తరవాత రాజ్యం మెడ మీదికి వస్తుంది. ఇంత ఓపిగ్గా అల్లిన కథ నేను చూడలేదు.


సాయంకాలం
ఆదివారం, ఉదయం 9:05

నాకూ నచ్చింది గానీ నుకు, మొకు అనే ఆ ఇద్దరు దొంగల కామెడీ భరించలేకపోయాను. పాత సీన్లు మళ్లీ మళ్లీ వేయడం కూడా ఎక్కువే. బొమ్మలు బాగా డబ్బు పెట్టి గీసినవి కావు, అది కనిపిస్తుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. డబ్బు తక్కువైన చోట వాళ్లు బుర్ర వాడారు. ఘోరమైన ఘట్టాలు వచ్చినప్పుడు కదలికలు ఆపేసి రంగుల పటంలా చూపిస్తారు. సోయోన్ పోయే సీన్‌లో రక్తం ఏమీ చూపించరు. నీళ్లు, చీకటి, ఆ ఈల. పిల్లల ఛానెల్ కాబట్టి చూపించలేరు, చూపించకపోవడం వల్లే మనసులో గుచ్చుకుంది.


గుండ్లకమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 1:48

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతా, తప్పుగా అనుకోవద్దు. సిరీస్ మొత్తం చూశాను, ఇష్టంగానే చూశాను.

మాది ఒంగోలు దగ్గర. మా తాత కోడెల్ని మేపినవాడు. ఒంగోలు గిత్త అంటే దగ్గరుండి చూడనివాళ్లకి అర్థం కాదు, మూపురం దగ్గర నిలబడితే నా తల దానికంటే కిందికే ఉంటుంది. కోడె వయసుకొచ్చాక ముక్కు కుట్టి తాడేస్తాం. నొప్పి ఉండదని అనను. కానీ ఆ తాడు లేకపోతే ఆ బరువుని ఆపే నాథుడు లేడు. మా బాబాయిని ఒకసారి గోడకేసి నొక్కితే పక్కటెముక విరిగింది. దానికి కోపం కూడా లేదు ఆ రోజు, ఏదో బెదిరింది, అంతే.

ముక్కుతాడు వేసినవాళ్లందరూ కసాయివాళ్లు అన్నట్టు మాట్లాడితే నాకు బాధేస్తుంది. మా తాత ఎద్దు చచ్చిపోతే పొలం గట్టునే పూడ్చి, రెండు రోజులు అన్నం తినలేదు. ఎరిన్‌కి లిలాన్ ఎంతో, ఆయనకి ఆ ఎద్దు అంత. ఈల మెడలో వేసుకున్న కజారుము మాస్టర్లందరికీ దయ లేదనా? టొమురా పాపం ఎంత మంచివాడు!


మానేరు_ఒడ్డు
ఆదివారం, మధ్యాహ్నం 2:30

అన్నా, నువ్వు చెప్పింది నిజం. ముక్కుతాడు లేకుంటె నా పని కూడ నడువది. సూదేసేటప్పుడు తాడు పట్టుకునేటోడే నాకు పెద్ద దిక్కు.

కని ఒక ఫరక్ ఉన్నది. ముక్కుతాడు పట్టినోడు ఎద్దు పక్కకే ఉంటడు. ఎద్దు తల ఇసిరితె వానికి తాకుతది. జర గుంజితె ఎద్దుకు తెలుస్తది, ఎద్దు గుంజితె మనిషికి తెలుస్తది. తాడుకు రెండు దిక్కుల ప్రాణమే. ఈల అట్ల కాదు. దూరంకెళ్లి ఊదుతరు, అది బిగుసుకపోతది, ఊదినోనికి ఏం తెల్వది. అందుకె సోయోన్ సుత ఈల ఊదాల్నంటె మొఖం మాడ్సుకుంటది, ఎరిన్ చిన్నప్పుడె చూస్తది అది.

టోడాల చెవుల సంగతి యాదికున్నదా? వాటికి చెవుల మీద మూత అసొంటిది ఉంటది, వద్దనుకుంటె మూసుకోవచ్చు. పిల్లగున్నప్పుడె ఆ మూత కోసేస్తరు, ఈల ఇనకుంట ఉండరాదని. మీ తాత ఎద్దు చెవులు కోసిండా అన్నా?


గుండ్లకమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 2:52

లేదన్నా. ఆ చెవుల సంగతి నేను పట్టించుకోలేదు, మళ్లీ చూస్తా. తాడుకి రెండు వైపులా ప్రాణమే అన్నావు చూడు, ఆ మాట మా నాన్నకి చదివి వినిపించాను. తల ఊపాడు.


నీలిసిరా
ఆదివారం, రాత్రి 8:15

తూనీగ గారూ, మీ మొదటి పోస్టు చాలా బాగుంది. ఒక్కటి మాత్రం సరిచేయాలి. ఎరిన్ చివరిదాకా ఈల ఊదలేదు అన్నారు. ఊదింది.

లిలాన్ ఉద్రేకంలో ఎరిన్ చేతి వేళ్లు కొరికేసిన ఎపిసోడ్ గుర్తు చేసుకోండి. ఆ క్షణంలో ఆమె ఆ ఈల లిలాన్ మీదే ఊదింది. లిలాన్ బిగుసుకుపోయింది. ఆ తరవాత లిలాన్ ఆమెని చూసే చూపు మారిపోయింది. నా లెక్కలో కథంతా ఆ క్షణం కోసమే కట్టారు.

ఇంకొంచెం ముందుకి వెళ్తాను. రాణి హరుమియా ప్రయాణంలో ఉండగా టోడాల దాడి జరుగుతుంది. ఎరిన్ లిలాన్ మీదెక్కి ఎగిరి వెళ్లి కాపాడుతుంది. ఈల లేకుండా, మందునీళ్లు లేకుండా పెంచింది కాబట్టే లిలాన్ ఎగరగలిగింది. ఎగిరి ఏం చేసింది? టోడాలని చీల్చేసింది. ఆ రోజుతో రాజ్యంలో అందరికీ తెలిసిపోయింది, ఎరిన్ చేతిలో టోడా సైన్యాన్ని ఊచకోత కోయగల ఆయుధం ఉందని. లిలాన్‌కి ఎకు అనే మగ ఓజూతో జతకుదిరి పిల్ల పుట్టిందంటే, ఇక ఓజూ సైన్యమే తయారు చేయొచ్చు. రాజ్యం కోసం కుట్ర పన్నే డమియా లాంటివాళ్లకి కావలసింది అదే.

చట్టం ఈలనీ మందునీళ్లనీ ఎందుకు పెట్టిందో అప్పుడు బయటపడుతుంది. వెనకటికి ఒకసారి ఓజూల్నీ టోడాల్నీ యుద్ధానికి దించితే, ఆపడం ఎవరి తరమూ కాక అంతా నాశనమైపోయింది. మళ్లీ అలా జరగకూడదని, ఓజూలు మనిషికి మచ్చిక కాకుండా, సంఖ్య పెరగకుండా ఉండేలా ఆ నియమాలు పెట్టారు. అంటే క్రూరంగా కనిపించిన చట్టం వెనక భయం ఉంది, ఆ భయంలో నిజం ఉంది. ఎరిన్ దయతోనే ఆ కట్ట తెగింది.

దయ గల కథానాయిక అంటే దయ చూపించగానే అన్నీ చక్కబడాలని మనం అనుకుంటాం. ఇక్కడ దయ వల్లే ప్రమాదం వచ్చిపడింది. రచయిత్రి అయినా ఎరిన్ తప్పు చేసిందనదు, ఒప్పు చేసిందని కూడా అనదు. ఆ పిల్లని ఆ బరువు మోయనిస్తుంది. నాకు ఈ కథ మీద గౌరవం అందుకే.


తూనీగ
ఆదివారం, రాత్రి 9:02

నీలిసిరా గారూ, మీరు చెప్పింది చదివి వెళ్లి ఆ ఎపిసోడ్ మళ్లీ చూశాను. నిజమే, ఊదింది. కొద్ది రోజుల క్రితం చూసినదాన్ని నేను మర్చిపోయాను. మర్చిపోవాలనుకున్నానేమో. ఆ పిల్ల ఊదకూడదని నాకు అంత గట్టిగా ఉంది.

నాకిప్పుడు సోయోన్ కూడా వేరేగా కనిపిస్తోంది. కిబాలు ఎందుకు చచ్చిపోయాయో ఆమెకి తెలుసు. మందునీళ్ల వల్లని చెబితే ఆమె ప్రాణం దక్కేదేమో. చెప్పదు. చెబితే టోడాల్ని పిల్లలతో సహా ఎలా పెంచాలో లోకానికి తెలిసిపోతుంది, సైన్యాలు పెరుగుతాయి. ఆమె పుట్టింది పొగమంచు జనంలో, ఆ రహస్యం కాపాడతామని ఒట్టు పెట్టుకున్న వంశం. ఆ ఒట్టు కోసం చావడానికి సిద్ధపడింది. కానీ ఎరిన్ నీళ్లలో దూకి ఈదుకుంటూ తన దగ్గరికి వచ్చేసరికి నోట్లో వేళ్లు పెట్టి ఈల వేసింది. టోడాలు ఆమె మాట విన్నాయి. కూతుర్ని ఒకదాని మీద ఎక్కించి పంపించేసింది. ఇప్పుడు నేను చేయబోయేది నువ్వెప్పుడూ చేయకు అని చెప్పి మరీ చేసింది.

తల్లి ఈల కూతుర్ని బతికించింది. కూతురి ఈల లిలాన్‌ని గాయపరిచింది. ఇప్పుడు ఈ రెండూ నా తలలో తిరుగుతున్నాయి.


ఎర్రమట్టి
సోమవారం, ఉదయం 7:30

నేను పెర్త్‌లో ఉంటాను, పదకొండేళ్లు అయింది. ఈ చర్చ చూసి ఒక సంగతి చెప్పాలనిపించింది.

ఉఎహాషి గారు నవలలు మాత్రమే రాసే మనిషి కాదు, మానవశాస్త్ర పరిశోధకురాలు. ఆమె పరిశోధన జరిగింది ఇక్కడే, పశ్చిమ ఆస్ట్రేలియాలో, యామజీ ఆదివాసులతో. నేను ఉద్యోగరీత్యా ఉత్తరం వైపు ఊళ్లకి వెళ్తుంటాను. అక్కడి పెద్దవాళ్లు కొన్ని సంగతులు చెబుతారు, కొన్నింటి దగ్గర ఆగిపోతారు. ఇది చెప్పే హక్కు నాకు లేదు, ఫలానా ఆవిడని అడగాలి అంటారు. తెలిసినా చెప్పకపోవడం వాళ్ల దగ్గర ఒక బాధ్యత. మొదట్లో నాకు అది అర్థమయ్యేది కాదు, తెలిసింది చెప్పొచ్చు కదా అనుకునేదాన్ని.

పొగమంచు జనాన్ని చూసినప్పుడు నాకు ఆ పెద్దవాళ్లే గుర్తొచ్చారు. వాళ్లని చూసే రాసిందని అనడం లేదు, అది ఆవిడకే తెలియాలి. కానీ ఒక జాతి తన జ్ఞాపకాన్ని ఎలా కాపాడుకుంటుందో, దానికోసం ఏం వదులుకుంటుందో దగ్గరగా చూసిన మనిషి రాసిన కథ ఇదని తెలుస్తుంది. రియోజాలో మంత్రాలు లేవు గమనించారా? ఎవరూ మంత్రం వేయరు. మేత, మందు, చట్టం, పెళ్లి సంబంధం, పాత తప్పు, ఇవే ఆ లోకాన్ని నడుపుతాయి.

2014లో ఆమెకి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం వచ్చింది. నవల ఇంగ్లీషులోకి కేథీ హిరానో అనువాదం చేశారు, బీస్ట్ ప్లేయర్ అనే పేరుతో. మా ఊరి లైబ్రరీలో దొరికింది. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి రెండు రాత్రుల్లో పూర్తి చేశాడు.


రైలుపెట్టె
సోమవారం, ఉదయం 8:10

మొదలుపెట్టేశాను. మూడు అయ్యాయి. ఊళ్లో అందరూ ఆ పిల్ల ఆకుపచ్చ కళ్ల గురించి గుసగుసలాడటం నచ్చలేదు నాకు. తాతయ్య కూడా దగ్గరికి తీయడు, అదేంటి?


నీలిసిరా
సోమవారం, ఉదయం 8:25

చూస్తూ ఉండు బాబూ. ఇక మీదట మా పోస్టులు చదవకు, కథ తెలిసిపోతుంది.


సాయంకాలం
సోమవారం, మధ్యాహ్నం 12:40

ఇదే రచయిత్రి నవల మీద, ఇదే ప్రొడక్షన్ ఐజీ 2007లో తీసిన 'సెయిరెయ్ నో మొరిబితో' చూశారా ఎవరైనా? దర్శకుడు కెంజి కమియామా, 26 ఎపిసోడ్లు. అందులో బాల్సా అని ముప్పై ఏళ్ల ఈటె యోధురాలు, ఒక చిన్న యువరాజుని కాపాడుతుంది. బొమ్మల పరంగా దీనికంటే ఎన్నో మెట్లు పైన ఉంటుంది, మూడో ఎపిసోడ్‌లో పోరాటం ఇప్పటికీ కళ్లముందే ఉంది. బాల్సా కూడా ప్రాణం తీయకూడదనే వ్రతం పట్టిన మనిషే. నన్నడిగితే దానికే ఎక్కువ మార్కులు.


తేనెపట్టు
సోమవారం, మధ్యాహ్నం 1:15

చూశానండీ. అది అందంగా ఉంటుంది, కాదనను. కానీ బాల్సా మనకి కనిపించేసరికే తయారైపోయిన మనిషి. ఎరిన్‌ని మనం పదేళ్ల పిల్లగా చూసి, పద్నాలుగేళ్లప్పుడు కజారుముకి పంపించి, పెద్దది అయ్యేదాకా వెంట నడుస్తాం. యాభై ఎపిసోడ్లు అందుకే కావాలి. యుయాన్ అనే ఆ యాస పిల్ల ఎరిన్‌ని నవ్వించే సీన్లు తీసేస్తే కథకి నష్టమేమీ ఉండదు, ఎరిన్‌కి ఉంటుంది. తల్లి పోయిన పిల్ల మళ్లీ నవ్వడం చూడటానికి నాకు ఎన్ని ఎపిసోడ్లైనా ఫరవాలేదు.


గుండ్లకమ్మ
సోమవారం, రాత్రి 9:20

చెవుల మూతలు కోసే సంగతి మళ్లీ చూశాను మానేరు అన్నా. చూస్తుంటే మా నాన్న కూడా వచ్చి కూర్చున్నాడు. సబ్‌టైటిళ్లు ఆయనకి రావు, నేను చెబుతూ ఉన్నాను. లిలాన్ మొదటిసారి ఎగిరినప్పుడు ఆయన అన్న మాట ఇది: "దాన్ని ఎగరమని అది అనలేదు గదరా." నేను ఆ సీన్ ఎన్నిసార్లు చూసినా నాకు తట్టలేదు అది. ఎరిన్ ఎగరమని నేర్పలేదు. తను చేసిందల్లా ఎగరకుండా చేసే మందు తాగించకపోవడమే.

నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నా. సగం ఉంచుకుంటా. వేళ్లు పోయిన రోజున ఈల మెడలో లేకపోతే ఎరిన్ బతికేది కాదు. పెద్ద జంతువు పక్కన నిలబడే మనిషి ఆ సంగతి మర్చిపోకూడదు.


మానేరు_ఒడ్డు
సోమవారం, రాత్రి 9:48

ఆ సగం ఉంచుకో అన్నా, అది నాకు సుత కావాలె. బాపుకు నా నమస్కారం చెప్పు.


తూనీగ
సోమవారం, రాత్రి 10:30

ముగింపు గురించి రాస్తున్నాను. చూడనివాళ్లు ఈ పోస్టు దాటేయండి. రైలుపెట్టె తమ్ముడూ, నీకే చెబుతున్నాను.

చివరి యుద్ధంలో ఎరిన్ లిలాన్ మీద వచ్చి అల్హాన్ పెద్దకొడుకు షునాన్‌ని కాపాడబోతుంది. బాణాలు తగిలి నేల మీద పడిపోతుంది. చుట్టూ టోడాలు. తను ఇక బతకదనుకుంటుంది, లిలాన్ అయినా తప్పించుకుపోవాలని కోరుకుంటుంది. ఆ ఈల ఊదిన నాటి నుంచి తనకీ లిలాన్‌కీ మధ్య ఏదో తెగిపోయిందని ఎరిన్‌కి తెలుసు. మృగం మనిషిని నిజంగా ఏమనుకుంటుందో తెలుసుకునే దారి లేదని కూడా ఆమెకి తెలుసు. నేర్చుకున్న విద్య అంతా కలిపి ఆమెకి మిగిలింది ఆ తెలియనితనం.

లిలాన్ వస్తుంది. ఎవరూ వీణ మీటలేదు, ఎవరూ పిలవలేదు, ఈల లేదు. టోడాల మధ్యలోకి దిగి, ఎరిన్‌ని నోటితో ఎత్తుకుంటుంది. ఆమె వేళ్లు కొరికింది కూడా ఆ నోరే. పళ్లు ఒంటికి గుచ్చుకోకుండా, పిల్లని తల్లి పట్టుకున్నట్టు పట్టుకుని ఎగిరిపోతుంది.

పాప అడిగింది, "అమ్మా, లిలాన్ క్షమించిందా?" అని. నాకు తెలియదన్నాను. "మరి ఎందుకొచ్చింది?" అంది. దానికీ నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం కాసేపు ఆ బొమ్మ ఆపి చూశాం. లిలాన్ కళ్లలో వెతికాం. ఏమీ చెప్పని కళ్లు అవి, కావాలనే అలా గీసి ఉంటారు.


నీలిసిరా
సోమవారం, రాత్రి 10:44

నవల ఆగేది కూడా అక్కడే, లిలాన్ నోట్లో ఎరిన్ ఉండగా. సిరీస్‌లో ఆ తరవాత కొన్నేళ్లకి, కొడుకుతో ఉన్న ఎరిన్‌ని చూపిస్తారు. నాకు మొదట్లో ఆ అతుకు నచ్చలేదు, నవల లాగే ఆపేయాల్సింది అనుకున్నాను. ఇప్పుడు మీ పాపలాంటి పిల్లల కోసం పెట్టారేమో అనిపిస్తోంది. వాళ్లు ఎరిన్‌ని ఆకాశంలో వదిలేసి పడుకోలేరు కదా.


తూనీగ
సోమవారం, రాత్రి 10:51

అవునండీ, పాప ఆ చివరి భాగం చూశాకే పడుకుంది.


రైలుపెట్టె
మంగళవారం, రాత్రి 11:37

అక్కా, ముగింపు పోస్టు దాటేశాను, ఒట్టు.

ఏడోది ఇప్పుడే అయింది. ట్రైన్‌లో చూడటం మొదలుపెట్టి, సగంలో ఆపేసి, ఇంటికొచ్చి మిగతాది చూశాను. అన్నం తినకుండానే అమ్మకి ఫోన్ చేశాను. ఈ టైంలో ఏంట్రా, ఒంట్లో బాగుందా అని కంగారు పడింది. ఏం లేదమ్మా ఊరికే అన్నాను. ఏం కూర వండావని అడిగాను. ఎనిమిదో దాంట్లో ఆ తేనెటీగలాయన వస్తాడు కదా? పెడుతున్నా.